ఫ్రెష్

తెల్లారి నాలుగున్నరకు
విద్యానగర్ సూపర్‌మార్కెట్ వెనక షట్టర్ సగం లేపి
దిలీప్ సార్ నా చేతుల స్టిక్కర్ల చుట్ట పెడతడు.
పచ్చటి గుండ్రాలు. ఒక్కో గుండ్రంల అదే మాట.
ఇంగ్లీషుల ఐదు అక్షరాలంట.
నాకది చదవరాదు,
బొమ్మ లెక్క గుర్తు పడత.

కొత్తిమీర మీద ఒకటి.
తరిగిన బెండకాయ మీద ఒకటి.
నిన్న అంటించినది గోరుతో గీకి
అదే దొండకాయ మీద మళ్ల ఇయ్యాలది ఒకటి.
"తేదీ మారింది గద అక్కా" అంటడు దిలీప్ సార్.
తేదీ మారింది. దొండకాయకు ఆ సంగతి తెల్వది.

మొదలు నేనిన్నప్పుడు ఇది తినే మాట కాదు.
నల్లకుంటల ఒక ఇంట్ల పనికి కుదిరిన కొత్తల
ఆ అమ్మ సుట్టాలతోని అన్నది:
"ఫ్రెష్ అయి రండి, టిఫిన్ పెడత."
మొకం కడుక్కుంటే మనిషి కొత్తగైతడా అని
గిన్నెలు తోముకుంట ఒక్కదాన్నే నవ్విన.

రాంనగర్ చేపల బజార్ల పోశెట్టి
మొప్ప లేపి చూపిస్తడు,
"సూడు వదినా, ఫ్రెష్!"
ఆడ మాటకు సాక్ష్యం ఉంటది.
మొప్ప ఎర్రగుండాలె, కన్ను ఉబ్బుండాలె,
వేలు పెట్టి ఒత్తితే గుంట పడి మళ్ల లేవాలె.
నా దుకాణంల అన్నిటికి ప్లాస్టిక్ కప్పుతరు.
ముక్కుకు పని లేదు, వేలుకు పని లేదు,
స్టిక్కర్‌ను నమ్మాలె.

తెలుగుల దీన్నేమంటరే అని రవళినడిగిన.
"తాజా" అన్నది.
అది పక్కింటి ఫర్హానా బేగం కూడ అంటది,
మనదేది?
బిడ్డ కలం కొరుక్కుంట చానాసేపు ఆలోచించింది.
వంకాయైతే లేతది.
చేపైతే పచ్చిది.
పువ్వైతే వాడనిది.
పాలైతే ఇప్పుడే పిండినయి.
అన్నమైతే వేడివేడిది.
మా అమ్మ దేన్నైనా ముట్టుకొని పేరు పెట్టేది.
నేను చూడకుంటనే అంటిస్తున్న,
గంటకు నాలుగు వందలు.

రవళి ఇంజనీరింగ్ అయినంక
ఆ మాట మా ఇంటికే వచ్చి చాప మీద కూసున్నది.
నా బిడ్డ ఫ్రెషర్ అంట!
గల్లీ అంత చెప్పుకున్న, పాలామెకు రెండుసార్లు.
రెండో ఏడు అడిగిండ్రు,
"ఫ్రెషరే, మరి ఎక్స్‌పీరియన్స్ ఎంత?"
మూడో ఏడు ఫోన్ల ఎవరో పిల్ల, మెత్తటి గొంతు:
"సారీ అండీ, ఈసారి ఫ్రెష్ బ్యాచ్‌నే తీసుకుంటున్నం."

ఫోన్ పెట్టేసి ఫ్రిజ్ తలుపు తెరిచి
ఏం తీసుకోకుంట నిలవడ్డది రవళి.
చల్లగాలి నా కాళ్ల దాక వచ్చింది.
"అమ్మా, నా మీద ఏ తేదీ వేసిండ్రే?"

నాకు జవాబు రాలే.
సంచిలకెళ్లి గోంగూర తీసిన.
అమ్ముడువోలేదు, పారెయ్యమన్నరు, నేను తెచ్చుకున్న.
కొన్నాకులు నల్లవడ్డయి, కొన్ని మంచిగనే ఉన్నయి.
పేపరేసి ఏరుతుంటె
ఫ్రిజ్ తలుపు మూసిన సప్పుడు.
వచ్చి ఎదురుంగ కూసున్నది.
కాడలు తుంచుకుంట అన్నది,
"పచ్చడైతే పెట్టిన్నాడు బాగుండదు గదనే."
"లేదు. రెండొద్దులు ఊరాలె."
"ఊరినదాన్ని ఇంగ్లీషుల ఏమంటరో నాక్కూడ తెల్వది."

అప్పుడు నా మోచెయ్యి పట్టుకొని
కొంగు పక్కకు జరిపి పకపక నవ్వింది.
అలమార్లు సర్దంగ ఎప్పుడంటుకున్నదో,
పచ్చటి గుండ్రం.
"అమ్మా, నువ్వు ఫ్రెష్!"

యాభై ఒకటి నడుస్తున్నది నాకు.
మోకాలు నొప్పి, కంట్ల పొర.
గీకబోయి ఆగిన.
మల్ల తెల్లారి నాలుగున్నరకు
షట్టర్ కింద వంగి దూరేటప్పుడు కూడ
అది నా చెయ్యికే ఉన్నది.
ఒక అంచు లేసింది గని
ఊడలే.